ఎనిమిదవ అధ్యాయము: నీరటికాని ధర్మము

మా కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతములలో చెరువు లేని పల్లె అరుదు. చెరువున్న పల్లెలో నీరటికాడు లేకుండుట ఒకప్పుడు అంతకన్న అరుదు. చెరువు ఏ ఒక్కని సొత్తును కాదు, ఆయకట్టు క్రింద అరకున్న ప్రతివానికిని అందులో పాలున్నది. అయినను తూము ఎప్పుడెత్తవలయునో, ఏ మడికి ఎంత పారవలయునో, ఏ పూట మూయవలయునో నిర్ణయించువాడు మాత్రము భుజమున పార వేసికొని కట్టవెంట తిరుగాడు ఆ నీరటికాడొక్కడే. ఎండలు ముదిరి మడులు నెర్రెలు వాసిన రాత్రి, తన పొలమొక్కటి తడిసిన చాలునని ఎవడైన చాటుగా గండి కొట్టెనా, తెల్లవారునప్పటికి వాని పైరు నీట మునిగియుండును, ఊరి చెరువు అడుగంటియుండును. ఈ అధ్యాయమున నేను చెప్పబూనినది నీటిని గూర్చి కాదు, మందును గూర్చి. కాని చెప్పవలసిన నీతి అదియే. సూక్ష్మజీవులను సంహరించు మందులు, నేడు ఎల్లరును యాంటీబయాటిక్స్ అని పిలుచునవి, ఇంటింటి సొత్తు కావు. అవి ఊరుమ్మడి చెరువు వంటివి. వానిని వాడుకొనుటకు డబ్బు చాలదు, నిగ్రహము కావలయును.

ఒక గీత, నాలుగు గోలీలు

కార్తీకమాసము నడుచుచున్నదనుకొనుడు. ఆదిలాబాదు జిల్లా జైనథ్, బేల మండలముల నల్లరేగడి చేలలో పత్తి పగిలి తెల్లగా పరచుకొన్నది. ప్రొద్దు పొడవకమునుపే చద్ది తిని కూలికి వచ్చిన ఒక స్త్రీ నడుమునకు ఒడి కట్టుకొని సాలువెంట సాలుగా పత్తి తీయుచున్నది. పత్తి మెత్తనిదే గాని, దానిని పట్టుకొనియున్న ఎండుకాయ కొసలు సూదులవలె ఉండును. దినమున వేయిసారులు వ్రేళ్లు వాని నడుమ దూరి రావలయును. బొటనవ్రేలి గోరుప్రక్క ఒక సన్నని గీత పడినది. ఆమె దానిని నోట చప్పరించి, చీరకొంగున తుడుచుకొని, పని సాగించినది. మూడవనాటికి వ్రేలు ఎర్రబారి సలుపసాగినది. "వేడి జేసింది బిడ్డా, మజ్జిగ తాగు" అని అత్త సలహా చెప్పినది. ఐదవనాటి రాత్రి నిద్ర లేదు. మరునాడు అంగడికి పోయి మందుల దుకాణము ముందు నిలిచి, "అన్నా, గడ్డకు మంచి గోలీలియ్యి, రేపు పొద్దుగాల మళ్ల కూలికి వోవాలె" అని అడిగినది. చీటీ లేదు, వ్రేలిని చూచినవారు లేరు. నాలుగు గోలీలు చేతికి వచ్చినవి.

రెండు మ్రింగినది. ఆ రాత్రియే గడ్డ పగిలి చీము కారిపోయి సలుపు చల్లారినది. మిగిలిన రెండును గోడగూటిలో, అగ్గిపెట్టె ప్రక్కన, దాగినవి. నెల తిరిగిన పిమ్మట పిల్లవానికి జలుబు చేసినప్పుడు, అందులో ఒకటి సగము విరిచి నీట కలిపి వానికి త్రాగించినది.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. ఒకనాటి కూలి పోయిన ఆ యింట పొయ్యి వెలుగుట కష్టము, దవాఖాన దూరము, దుకాణదారుడు ఇవ్వనన్నచో ప్రక్క దుకాణమువాడు ఇచ్చును. అయినను చెరువుకట్టకు ఇచ్చట రెండుసారులు గండి పడినది. గడ్డ మానినది చీము పోవుటచేత గాని గోలీచేత కాకపోవచ్చును. పిల్లవాని జలుబు వైరసు వలన కలిగినది గనుక దానిమీద ఆ సగము గోలీకి బొత్తిగా పని లేదు. పని లేనిచోటికి పోయిన మందు ఊరక ఉండదు. అది దేహములో కాపురమున్న కోట్లాది సూక్ష్మజీవులమధ్య సంచరించి, బలహీనములను చంపి, బలవంతములకు చోటు ఖాళీచేసి పోవును.

బంగారు ద్రాక్షగుత్తి

ఆ బొటనవ్రేలిలో దూరినది ఏది? 1880లో స్కాట్లండు దేశపు అబర్డీన్ నగరమున అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అను శస్త్రవైద్యుడు గడ్డల చీమును సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి, గుండ్రని జీవకణములు ద్రాక్షగుత్తులవలె గుమిగూడియుండుట చూచెను. గ్రీకుభాషలో ద్రాక్షగుత్తిని తెలుపు మాటతో వానికి స్టాఫిలోకాకస్ అని నామకరణము చేసెను. 1884లో జర్మనీ వైద్యుడు రోజెన్‌బాక్ వానిలో బంగారు వన్నెతో పెరుగు జాతిని వేరుచేసి దానికి 'ఆరియస్' అను విశేషణము తగిలించెను. ఈ బంగారు గుత్తి మనకు క్రొత్త చుట్టము కాదు. రమారమి నూరుగురిలో ముప్పదిమంది ముక్కురంధ్రములలో ఏ బాధయు కలిగింపక ఇది నివసించుచుండును. చర్మము చెరువుకట్టవంటిది, కట్ట గట్టిగా ఉన్నంతకాలము వెలుపలి జీవి వెలుపలనే యుండును. పత్తికాయ కొస గీరినను, బీడీలు చుట్టు చేతికి కత్తెర తగిలినను, క్షౌరపు కత్తి చెక్కిలిని కోసినను, అదియే దానికి గండి.

లోపలికి వచ్చిన పిమ్మట దాని యుద్ధనీతి చూడదగినది. మన రక్తద్రవమును గడ్డకట్టించు ఒక రసమును స్రవించి, ఆ గడ్డనే తనచుట్టు కోటగోడగా నిలుపుకొనును. శత్రువును గుర్తించి పట్టియిచ్చుటకై దేహము పంపు ప్రతిరక్షకములను తోకవైపునుండి పట్టుకొని, అవి పనికిరాకుండునట్లు చేయును. కణముల పొరలకు బెజ్జములు పొడుచు విషమును వెదజల్లును. దాని బంగారు వన్నె సయితము అలంకారము కాదు. తెల్లకణములు తనపై కుమ్మరించు దాహక ద్రవ్యములనుండి ఆ రంగే దానికి కవచము. మనము చీమని అసహ్యించుకొనునది ఈ పోరాటమున ఒరిగిన మన తెల్లకణముల రాశియే.

యుద్ధము చర్మముకడనే ముగిసిన అది గడ్డ, గడ్డ మానును. రక్తములో కలిసి ప్రయాణించిన మాత్రము ఎముకలో చేరి కుళ్లబెట్టును, గుండె కవాటములపై కూర్చుండి వానికి చిల్లులు పొడుచును, ఊపిరితిత్తులలో చీము నింపును, తొడకండరములో లోతుగా గడ్డలు లేపును. మధుమేహము గలవారికి మెడవెనుక లేచు పలుకన్నుల కురుపు సామాన్యమైనది కాదు. ఈ జీవి వంటలోను ప్రవేశించును: చేతికి చీముపుండున్నవాడు పాలకోవ కలిపి ఎండపొద్దున వదలిపెట్టినచో, అందులో అది పెరిగి విషము విడుచును, ఆ విషము మరల కాచినను నశింపదు, తిన్న కొన్ని గంటలలోనే పెండ్లివారందరును వాంతులతో పడుదురు.

మేస్త్రీయు మారుమేస్త్రీయు

1928లో లండనునగరమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజుచేత నశించుచుండగా చూచినది ఈ స్టాఫిలోకాకస్‌నే. ఆ బూజునుండి వచ్చిన పెనిసిలిన్ పనిచేయు విధము మన ఊరి మేస్త్రీని తలచుకొనిన తెలియును. సూక్ష్మజీవి నిత్యము తన ఒంటిచుట్టు గోడ కట్టుకొనుచుండును; పెనిసిలిన్ పోయి ఆ గోడ కట్టు మేస్త్రీ చేతులు కట్టివేయును; గోడ నిలువక జీవి పగిలి చచ్చును. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ముఖమంతయు చీముపట్టిన ఒక పోలీసునకు ఈ మందిచ్చిరి. అతడు కోలుకొనుచుండగనే మందు నిండుకొన్నది. అతని మూత్రమునుండి సయితము దానిని తిరిగి తీసి ఎక్కించిరి. అయినను చాలక అతడు మరణించెను. ఒక్కొక్క చుక్క అంత అమూల్యమైన కాలమది. నేడు అంగడిలో కాగితపు పొట్లములలో దొరకునది ఆ వంశపు మందులే.

సూక్ష్మజీవియు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పెనిసిలిన్‌ను విరిచివేయు ఎంజైమును ఆబ్రహామ్, చైన్ అను శాస్త్రజ్ఞులు 1940లోనే వర్ణించిరి. తక్కువ మోతాదులలో మందు వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడునని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసమునందే హెచ్చరించెను. 1948లో ఆరియోమైసిన్ అను మరియొక మందు వెలువడినది. భీమవరమున పుట్టి అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలో డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని జీవినుండి దానిని సాధించెను. సుబ్బారావు ఆ యేడే కన్నుమూసెను. బంగారు గుత్తిపై బంగారు వన్నె మందు ప్రయోగింపబడినది. కొలది సంవత్సరములలోనే స్టాఫిలోకాకస్ దానికిని తట్టుకొనుట నేర్చినది. పెనిసిలిన్‌ను విరుచు ఎంజైమునకు లొంగని మెథిసిలిన్ వైద్యులకు అందిన కొద్దికాలమునకే, 1961లో, దానికి లొంగని స్టాఫిలోకాకస్‌ను ప్యాట్రీషియా జెవన్స్ ఇంగ్లండునుండి ప్రకటించెను. దానినే నేడు వైద్యులు ఎంఆర్‌ఎస్‌ఏ అని పలుకుచున్నారు.

దాని ఉపాయము సులభమైనది: అది మారుమేస్త్రీని పెట్టుకొన్నది. పాత మేస్త్రీ చేతులను మందు కట్టివేసినను, ఆ త్రాడు పట్టుబడని మరియొక మేస్త్రీ గోడ కట్టుకొనిపోవును. మెక్-ఎ అను జన్యువు ఈ మారుమేస్త్రీని సృజించును. అది ఒక జీవినుండి మరియొక జీవికి చేతులు మారగలదు. ఈ మేస్త్రీ ఉన్నచోట అమోక్సిసిలిన్ మొదలు ఆ కుటుంబములోని మందులు దాదాపు అన్నియు వ్యర్థములే.

ఈ న్యాయము మా పత్తిరైతులకు క్రొత్తది కాదు. 2002లో బీటీ పత్తి మన దేశమునకు వచ్చినప్పుడు కాయతొలుచు పురుగు బెడద తీరెనని అందరును సంతసించిరి. కొన్నియేండ్లకు గులాబీరంగు పురుగు ఆ పత్తినే తినుట మరగినది. పురుగుకు ఎవరును విద్య నేర్పలేదు. చావవలసినవి చచ్చినవి, చావనివి పిల్లలను పెట్టినవి, అంతియే. పురుగుమందు ఎన్ని పర్యాయములు కొట్టిన అంత మొండి పురుగు మిగులునని చేనుగట్టున నిలిచి చెప్పగల రైతు, తన ఇంట గోలీల విషయమున ఆ మాట మరచుట విచారకరము.

మన దేశములో 15 పెద్ద ఆసుపత్రులనుండి సేకరించిన స్టాఫిలోకాకస్ ఆరియస్ నమూనాలలో 2008లో నూటికి 42, 2009లో నూటికి 40 మెథిసిలిన్‌కు లొంగనివిగా తేలినవి. 2019లో ఒక్క ఎంఆర్‌ఎస్‌ఏ వలననే లోకమున లక్షమందికి పైగా మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆసుపత్రిలో శస్త్రచికిత్స పొందినవారికి మాత్రమే ఇది సోకునని ఒకప్పుడనుకొనిరి. నేడది వసతిగృహములలో ఒకే తువాలు వాడు పిల్లలనడుమను, మల్లయోధులనడుమను, ఒకే యింటివారినడుమను సంచరించుచున్నది.

మంజీర నుండి మానేరు వరకు

మందు మనుష్యుల కడుపులగుండ మాత్రమే లోకమున కలియుటలేదు. పేరులోనే చెరువును ధరించిన పటాన్‌చెరు హైదరాబాదునకు వాయవ్యమున ఔషధ పరిశ్రమలకు ప్రసిద్ధి. స్వీడన్ దేశపు లార్సన్ మొదలగు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, అచ్చటి కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ కనబడినది. ఆ మందును సేవించు రోగి రక్తములో ఉండు పరిమాణముకన్న అది మిక్కిలి అధికము. ఆ ప్రాంతపు నక్కవాగు మంజీరలో కలియును. మంజీర కందకుర్తికడ గోదావరిని చేరును. గోదావరి బాసర మీదుగా శ్రీరాంసాగరమున నిలిచి, కాకతీయ కాలువవెంట మా కరీంనగర్ దిగువ మానేరునకు వచ్చును. నేనిచ్చట నీటిలో విషమున్నదని చెప్పుటలేదు. దారి ఉన్నదని చెప్పుచున్నాను. ఎగువవాని నిర్లక్ష్యము దిగువవాని గడపవరకు రాగలదని తెలియుటకు పటము చాలును. మనమందరమును ఒకే ఆయకట్టువారము.

ఆచరణ

ఇక చేయవలసినదేమి? వ్యక్తిత్వ వికాసమనగా వేదికపై గట్టిగా మాటలాడుట మాత్రమే అనుకొనువారు ఈ భాగమును శ్రద్ధగా చదువవలయును. ఒక మాత్రను మ్రింగకుండ ఓపికపట్టుటయు, తెలియనిదానిని సిగ్గుపడక అడుగుటయు వ్యక్తిత్వమే.

మొదటిది, కట్టను కాపాడుకొనుడు. చిన్నగీతయని ఉపేక్షింపక, సబ్బుతోను మంచినీటితోను కడిగి శుభ్రమైన గుడ్డతో కప్పుడు. పత్తి తీయునప్పుడు వ్రేళ్లకు గుడ్డపీలిక చుట్టుకొనుట పనిని ఆలస్యము చేసినను కూలిని కాపాడును. తువాలు, క్షౌరపు బ్లేడు ఎవరివి వారికే ఉండవలయును. పుండును ముట్టుటకు ముందును పిమ్మటను చేతులు కడుగుకొనుడు. చేతికి చీముపుండున్నంతకాలము వంటపని మరియొకరికి అప్పగింపుడు.

రెండవది, గడ్డను పిసుకకుడు. పిసికిన చీము వెలుపలికి పోవుటకు బదులు లోపలికి పోవచ్చును. ముక్కుమీదను పైపెదవిమీదను లేచినదానిని అసలే తాకరాదు, అచ్చటి రక్తనాళములు మెదడుచుట్టు గల నాళములతో సంబంధము గలవి. వెచ్చని గుడ్డతో కాపడము పెట్టుడు. చీము నిలిచిన గడ్డకు ప్రధాన చికిత్స వైద్యుడు చిన్న కోతతో దానిని తీసివేయుట. కొన్నిమార్లు అంతటితోనే సరిపోవును. జ్వరము, వణకు వచ్చినను, ఎరుపు గంటగంటకు ప్రాకినను, రోగి పసిబిడ్డయైనను, మధుమేహము గలవాడైనను, గడ్డ ముఖముమీద లేచినను, ఆ పూటయే దవాఖానకు పోవలయును; అట్టివేళ ఓపికపట్టుట నిగ్రహము కాదు, తెలివితక్కువ.

మూడవది, వైద్యునికడ మందు అడుగకుడు, రోగము అడుగుడు. "సారూ, జర గట్టి సూది ఇయ్యుండ్రి" అను మాట మన నాలుకకు అలవాటైనది. దానికి బదులు మూడు ప్రశ్నలు నేర్చుకొనుడు: నాకు వచ్చినదేమి? ఈ మందు సూక్ష్మజీవులను చంపునదా? ఎన్నిదినములు వాడవలయును? మూడవదాని ఉత్తరమును చీటీమీద వ్రాయించుకొనుడు. వైద్యుడు చెప్పిన గడువునకు ముందు మీయంతట మీరు ఆపకుడు, తరువాత మీయంతట మీరు సాగింపకుడు. తూము ఎత్తుటయు మూయుటయు నీరటికాని పని.

నాల్గవది, మానని పుండునకు, మరల మరల లేచు గడ్డకు చీము కల్చర్ పరీక్ష చేయించుడు. ఆదిలాబాదు రిమ్స్ వంటి బోధనాసుపత్రులయందు ఇట్టి ప్రయోగశాలలుండును. చీమును ఒక పళ్లెములో విత్తి ఒకరాత్రి వెచ్చగా ఉంచుదురు. తెల్లవారునప్పటికి బంగారువన్నె చుక్కలు మొలకెత్తును. వానిని మరియొక పళ్లెమున పలుచగా పరచి, మందు అద్దిన కాగితపు బిళ్లలను పైన పెట్టుదురు. మందు పనిచేసినచోట బిళ్లచుట్టు ఏమియు మొలవని వలయము ఏర్పడును. సెఫాక్సిటిన్ అను మందుబిళ్లచుట్టు ఆ వలయము 22 మిల్లీమీటర్లైనను అంతకన్న పెద్దదైనను, ఆ జీవి మామూలు మందులకు లొంగును. ఒక్క మిల్లీమీటరు తగ్గినచో అది ఎంఆర్‌ఎస్‌ఏ. రెండుమూడు దినముల నిరీక్షణ ఆ ఒక్క మిల్లీమీటరు తెలియుటకే. వాంకోమైసిన్, లినెజోలిడ్ వంటి మందులు ఇంకను మిగిలియున్నవి గాని, వాంకోమైసిన్‌కు పూర్తిగా లొంగని స్టాఫిలోకాకస్ 2002లోనే అమెరికాలో బయలుపడినది. ఆ చెరువును కూడ ఎండగట్టరాదు.

ఐదవది, మందుపట్టీ మీద ఎర్రగీత కనబడిన ఆగుడు. అది వైద్యుని చీటీ లేనిదే వాడరాదని తెలుపు గుర్తు. 2016లో ప్రభుత్వము దానిని గూర్చి ప్రజలలో ప్రచారము చేసినది. 2014 మార్చి 1 నుండి ఔషధ నిబంధనల హెచ్1 జాబితాలోని మందులను అమ్మిన దుకాణదారుడు రోగి పేరు, వైద్యుని పేరు ప్రత్యేకపు పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలసియున్నది. చీటీ లేకుండ ఇవ్వనన్న దుకాణదారునితో కలహింపకుడు. ఊరి కట్టను కాచువారిలో అతడును ఒకడు.

ఆ పత్తిచేని స్త్రీకి ఆనాడు కావలసినవి నాలుగు గోలీలు కావు: ఒక చిన్న కోత, శుభ్రమైన గుడ్డ, రెండునాళ్ల విశ్రాంతి, ఆ రెండునాళ్ల కూలి. మొదటి రెండును దవాఖాన ఇయ్యగలదు. కడపటి రెండును ఇచ్చుట చేను యజమానియు ఊరును నేర్చుకొనవలసిన ధర్మము.

ఈ సాయంకాలము మీ ఇంటి గోడగూడో, బీరువా సొరుగో వెదకి చూడుడు. అందులో సగము వాడిన పట్టీ ఒకటి తప్పక దొరకును. దానిని జలుబు చేసిన పిల్లవానికి వేయకుడు, ప్రక్కింటివారికి పంచకుడు, కాల్వలో పారవేయకుడు. మందుల దుకాణమునకో దవాఖానకో కొనిపోయి ఏమి చేయవలయునో అడిగి, ఆ గూటిని ఖాళీగా ఉంచుడు.